కాకికిచ్చిన పళ్ళు

రుదారెవో,
12 మార్చి 1990

డాక్టర్ స్తమెనా వెల్కోవా గారికి,

మా కింది వీధి పిల్లల ఒంట్లోకి ఏళ్ళ తరబడి సీసం ఎక్కుతోంది. ఎక్కిస్తున్నది ఫ్యాక్టరీ. ఎక్కడం లేదని రాసి, కింద సంతకం పెట్టింది మీరు.

అత్తయ్యా అని మొదలెట్టాలని కూర్చున్నాను. కలం ఒప్పుకోలేదు.

శనివారం పఠనమందిరంలో సభ పెట్టారు. రెండో కొలిమి మే రెండున వెలిగిస్తారట. బడికీ దానికీ మధ్య రెండువందల అడుగులు, నేనే నడిచి కొలిచాను. "మా పిల్లల మాటేమిటి?" అని లేచి అడిగాను. ఫ్యాక్టరీ డైరెక్టర్ బొజిలోవ్ నవ్వి, నీలం అట్ట పుస్తకం ఒకటి పైకెత్తి చూపించాడు. "పదహారేళ్ళ కిందటే మీ వీధి పిల్లల పాలపళ్ళు కొలిచారయ్యా. సోఫియా పిల్లల కన్నా మీ పిల్లల్లోనే సీసం తక్కువ! కొలిచిందెవరో తెలుసా? మీ వీధి ఆడపడుచే, మన కిరిల్ చెల్లెలు!" అన్నాడు. అందరూ మా వైపు తిరిగారు. అమ్మ తల దించేసుకుంది. నాయనమ్మ మాత్రం పక్కనున్న త్రెందాఫిలా పిన్నిని మోచేత్తో పొడిచి, "విన్నావా, నా కూతురు" అని మురిసిపోయింది.

మా నాన్న, అంటే మీ అన్నయ్య, పద్నాలుగేళ్ళు మొదటి కొలిమి ముందు నిలబడి నలభై మూడేళ్ళకి పోయాడు. మీరు పూలదండ తెచ్చారు. పెద్దదే తెచ్చారు.

ఇప్పుడు నా చెల్లెలు బిల్యానా. ఎనిమిదేళ్ళ పిల్ల. నిరుడు వంద దాకా లెక్కపెట్టేది. ఇప్పుడు ముప్ఫై దాటితే ఆగిపోయి నా మొహంలోకి చూస్తుంది. పొద్దున లేస్తూనే పొట్ట పట్టుకుంటుంది. చిగుళ్ళ మీద సీసం పెట్టే నీలిగీత ఉంది. టీచరమ్మేమో బద్ధకం అంటోంది.

నేను చదివింది వృత్తిబడి దాకే. మిగతా చదువంతా చేతులు మారి నా దాకా వచ్చిన కరపత్రాలది. మీలాంటివాళ్ళకి వాటిలో ఒక పేరుంది: జీతపు విజ్ఞానులు. 'నా పరిశోధన తప్పు' అని ఒక్క వాక్యం రాసి పంపండి. ఒక్కటి చాలు.

మీ అన్న కొడుకు,
ఒగ్న్యాన్

తా.క. నాయనమ్మ టీ కాచుకోమని లిండెన్ పూలు ఎండబెట్టి వేరే పొట్లంలో పంపింది. పంపింది ఆవిడ, నేను కాదు.


సోఫియా,
21 మార్చి 1990

ఓగీ,

'గారు' అని రాశావు. నా ఒక్క మంచి లంగా మీద నువ్వు మూడుసార్లు ఉచ్చ పోశావురా, మన మధ్య గారు ఎందుకు? పూలు అందాయి. అమ్మకి చెప్పు.

నువ్వడిగిన వాక్యం నేను రాయలేను. కోపంతో కాదు. కూర్చుని విను.

మా సంస్థలో ఒకే నడవా మీద నాలుగు గదులు. మొదటి గదిలో కూలీల జీతాలూ ధరలూ లెక్కగట్టేవాళ్ళు. రెండోదాంట్లో రోగాల వాళ్ళు. మూడోదాంట్లో పల్లెపాటలూ ఆచారాలూ పోగేసేవాళ్ళు. చివర మేం, రసాయనాలవాళ్ళం. ఒకళ్ళ గదిలోకి ఒకళ్ళం వెళ్ళం, కాఫీకి తప్ప. పాలపళ్ళలో సీసం దాక్కుంటుందని నేను మొదట చెప్పినప్పుడు మా ప్రొఫెసర్ కూడా నవ్వాడు. అయినా పట్టుబట్టి మన వీధికి వచ్చాను. పొగగొట్టానికి అన్నిటికన్నా దగ్గరున్న ముప్ఫై ఒక్క ఇళ్ళు ఎంచుకున్నాను. ప్రతి ఇంటి నుంచీ మొదట ఊడిన ముందుపన్ను ఒకటి. కప్పు మీదికి విసరకండి, నాకివ్వండి అని ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను. అందరూ సరే అన్నారు. అగ్గిపెట్టెల్లో పెట్టి ఇచ్చారు. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ తక్కువే వచ్చింది.

ఎక్కువ వస్తుందనే నేనూ అనుకున్నాను. మా అన్నయ్య ఆ కొలిమి ముందే నిలబడి ఉన్నాడు కదరా! నాకు నచ్చని జవాబు వచ్చింది. నచ్చలేదని మార్చలేదు. నా జన్మలో నేను చేసిన నిజాయితీ పని అదొక్కటే. దాన్ని పట్టుకుని జీతం అంటావా?

ఇళ్ళ జాబితా నకలు పెడుతున్నాను, నువ్వే చూసుకో. పదిహేడో పెట్టె నీదే. బిల్యానాని వెంటనే ఇక్కడికి పంపమని వదినకి చెప్పు. పిల్లల ఆసుపత్రిలో మంచం నేను మాట్లాడతాను. ఈ ఉత్తరం నీచేత వదినే రాయించిందేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. అలా అయితే, తనే నాకు నేరుగా రాయొచ్చు.

మేనత్త,
స్తమెనా


రుదారెవో,
31 మార్చి 1990

స్తమెనా వెల్కోవా గారికి,

ఆసుపత్రి మంచమా! ఒక పిల్లకి మంచం ఇచ్చి ముప్ఫై ఇళ్ళ నోళ్ళు మూయిస్తారా? బొజిలోవ్ కూడా సరిగ్గా ఇదే చేస్తాడు. ఎవడు గట్టిగా దగ్గితే వాణ్ణి ఉచితంగా సముద్రం ఒడ్డుకి పంపుతాడు. అమ్మ మీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏడ్చింది. నాచేత తను రాయించిందట! మా అమ్మకి బజారు చీటీ రాయించుకునే తీరిక కూడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పదిహేడో పెట్టె నాదన్నారు. మొదట ఊడిన ముందుపన్ను, పైది, ఎడమది. మీ జాబితాలో ఉంది, మీ చేతిరాతే.

అది నా దగ్గర లేదు, మీ దగ్గరా లేదు. మా ఇంటి కప్పు మీద ఉంది.

నాకు బాగా గుర్తుంది. పెరట్లో దానిమ్మ పక్కన నాన్న నన్ను భుజాల మీద నిలబెట్టుకున్నాడు. బొగ్గు ముక్కతో కలిపి పన్ను పైకి విసిరాను. ఈ ఎముకపన్ను తీసుకుని ఇనప్పన్ను ఇవ్వమని కాకిని అడిగాను. రాతిపలకల మీద అది టకటకమంటూ దొర్లి ఎక్కడో ఇరుక్కుంది. "ఇంక నిన్ను ఏ కొలిమీ ఏం చెయ్యలేదురా" అన్నాడు నాన్న. ఆ మాట ఎవడు మర్చిపోతాడు?

మరి మీ పదిహేడో పెట్టెలో ఉన్నదేమిటి? మీరే కల్పించారు. ముప్ఫై ఒక్క అగ్గిపెట్టెలూ కల్పించి, మూడుసార్లు కొలిచానని కథ చెప్పారు. ఇదే రాసి బడి అచ్చుయంత్రం మీద నాలుగువందల కరపత్రాలు తీయించాను. స్టేషన్లో పంచాం. సోఫియా బండెక్కే కుర్రాళ్ళకి కట్టలు కట్టలు ఇచ్చాం. పైన మీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

ఇక రాయను.

ఒగ్న్యాన్


సోఫియా,
9 ఏప్రిల్ 1990

ఓగీ,

నీ ఉత్తరం కన్నా నీ కరపత్రం ముందొచ్చింది. గురువారం నన్ను పిలిపించారు. బల్ల మీద అదే ఉంది. నా గదికి తాళం వేశారు. విచారణ అయ్యేదాకా లోపలికి రాకూడదట. ఇరవై రెండేళ్ళుగా వేసుకుంటున్న తెల్లకోటు అందులోనే ఉండిపోయింది.

ఇవన్నీ తర్వాత తిట్టుకుందాం. ముందు ఒక్కదానికి జవాబు చెప్పు. నిజంగా విసిరావా? కలగన్నది కాదు కదా? తర్వాత ఊడిన పన్ను కాదు కదా?

ఎందుకంటే నీ కరపత్రం చదివాక నాకో సంగతి గుర్తొచ్చింది. ఆ ఏడాది ఆరువారాలు మన వీధిలో తిరిగినా నా చేతికి ఒక్క పెట్టె కూడా రాలేదు. అందరూ "సరే సరే, ఊడగానే ఇస్తాం" అనేవాళ్ళు. ప్రొఫెసర్ ఇంక తిరిగి వచ్చెయ్యమన్నాడు. ప్రయాణం రేపనగా అమ్మ తన ఏప్రన్‌లో పోసుకుని తెచ్చింది, ముప్ఫై ఒక్క అగ్గిపెట్టెలూ ఒకేసారి. అన్నిటి మీదా పేర్లు. ఒకే రోజున! నాకు అనుమానం రాలేదురా, ఆనందం వచ్చింది. అమ్మని ఎత్తి గిరగిరా తిప్పాను.

నా గదిలోకి వెళ్ళనివ్వడం లేదు కాబట్టి శుక్రవారం మొదటిసారి పని మీద మూడో గదిలోకి వెళ్ళాను, ఆచారాల వాళ్ళ గదిలోకి. నా గదికి పన్నెండడుగులు. అక్కడ మ్లదెనా అనే ఆవిడ సొరుగు లాగి ఒక అట్టముక్క తీసిచ్చింది. 1961 నాటిది. "రుదారెవో, కింది వీధి. మొదటి పాలపన్ను కాకిది. ఎవరికీ చూపరు. పొరుగువాడు అడిగితే కాదనరు, నొప్పిస్తే పిల్లకి దోషం. వేరే పన్ను ఏదైనా ఇచ్చి పంపుతారు. చెప్పినావిడ: త్సోనా వెల్కోవా, యాభై ఏళ్ళు."

మా అమ్మ.

నా పళ్ళూ కప్పు మీదికే వెళ్ళాయి. ఆచారం తెలియక కాదు. నా చదువు చూసి మానేశారనుకున్నాను. అంత గర్వం నాకు. వేరే పన్ను ఇస్తారన్నది మాత్రం నాకెవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

అమ్మని అడుగు. అరవకు. ఎనభైకి దగ్గర పడింది. ఆ పళ్ళు ఎక్కడివి?

స్తమెనా


రుదారెవో,
17 ఏప్రిల్ 1990

అత్తయ్యా,

అడిగాను. అరిచాను కూడా. ఏం చెయ్యను, నా గొంతే అంత.

ఈస్టర్ రోజు ఎర్రగుడ్లు ఒకదానికొకటి తాటించి, ఎవరిది పగలదో చూసుకుంటున్నాం. నాయనమ్మ గుడ్డు ఎప్పట్లాగే పగలదు. అమ్మదీ నాదీ పగలగొట్టి, "మీకు చేతకాదర్రా, పట్టుకోవడమే తెలీదు" అని వెక్కిరిస్తోంది. నీ ఉత్తరం తీసి అట్టముక్క సంగతి చదివాను.

"అవును, ఎవరో టోపీ అబ్బాయి వచ్చి రాసుకున్నాడు. మంచివాడు. రెండు గిన్నెల పెరుగు తిన్నాడు."

"నాయనమ్మా, అత్తయ్యకి ఇచ్చిన పళ్ళు ఎవరివి?"

"పిల్లలవే."

"ఏ పిల్లలవి?"

పగలని గుడ్డు చేతిలో తిప్పింది. తర్వాత, "మీ అత్త వీధంతా తిరిగి తిరిగి నీరసంగా వచ్చేది. ఎవరిస్తారు మొదటి పన్ను? నేను మాత్రం నీది ఇస్తానా? పిల్ల ఉత్తచేతులతో వెళ్తే పట్నంలో నవ్వరూ? పైన బ్రెజేలో మా తమ్ముడు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేవాడు. అక్కడ గాజుసీసా నిండా పాలపళ్ళు ఉన్నాయి. తెల్లగా, ముత్యాల్లా ఉన్నాయి. ఏరి ఏరి మంచివే తెచ్చాను. మీ అత్తకి పుచ్చినవి ఇస్తానా?" అంది.

బ్రెజే! ఫ్యాక్టరీ పొగ కంటికి కూడా ఆనని కొండ మీది ఊరు. గొర్రెలూ గాలీ తప్ప ఏమీ లేని ఊరు.

అప్పుడు అరిచాను. దానివల్ల ఫ్యాక్టరీ మనల్నేం చేసిందో, నాన్ననేం చేసిందో, అంతా. అమ్మ నా నోరు మూయబోయింది. నాయనమ్మ ఎర్రగుడ్డు బల్ల మీద పెట్టేసి, "నేను దాని పని చెడగొట్టానా? నేను సాయం చేశాననుకున్నానే" అంది. అప్పట్నుంచీ మంచం దిగలేదు. సరిగ్గా తినడం లేదు. నీ పేరు చెబితే గోడవైపు తిరుగుతోంది.

నీ మీద అబద్ధం అచ్చువేసింది నేను. నాలుగువందల సార్లు. నిజం వెతక్కుండా ముందు దొరికిన మనిషి మీద పడ్డాను. బొజిలోవ్ కూడా చేసేది అదే. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. దిద్దుబాటు కరపత్రం వేస్తున్నాను, దాని పైన ఈసారి నా పేరు.

కానీ ఒకటి. నిన్న నిచ్చెన వేసుకుని మా కప్పు ఎక్కాను. పొగగొట్టం వైపు, రాతిపలకల కింద, మట్టిలో నాలుగు దొరికాయి. నాలుగూ మనవే! ఒకటి పైది, ఎడమది. దాని మూలన చిన్న పెచ్చు ఊడి ఉంది, మెట్ల మీద పడినప్పుడు విరిగింది, అమ్మ గుర్తుపట్టింది. అగ్గిపెట్టెలో పెట్టి నీకు పంపుతున్నాను. పోస్టుని నమ్మను, సోఫియా బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఇది నీ అసలైన పదిహేడో పెట్టె.

ఇంకో కబురు. మే డే కానుకగా ఫ్యాక్టరీ మా వీధి కప్పులన్నీ మారుస్తుందట. పాత పలకలు ఊడబీకి రేకులు వేస్తారు. ముప్ఫయ్యో తేదీ సోమవారం మొదలు. వీధంతా సంబరపడుతోంది, వాన కారదని.

ఓగీ


సోఫియా,
24 ఏప్రిల్ 1990

ఓగీ,

మంచం పేరు ఎత్తగానే అంత కోపం వచ్చిన వాడివి, క్షమాపణ మాట రాయలేక ఎంత చుట్టు తిరిగావురా! సరే, అందింది.

పన్ను కొలిచాం. నా గదికి తాళం ఉంది కాబట్టి రోగాల గదిలో వాళ్ళ యంత్రం మీద. పైన దుమ్ము పడి ఉంటుందని ఎవరైనా అంటారు, అందుకే పైపొర గీకేశాం. లోపలి పొర పన్ను చిగుళ్ళ లోపల ఉన్నప్పుడే రక్తం నుంచి కట్టుకుంటుంది. అది కప్పు మీద పడిన దుమ్ము కాదు, నువ్వు.

బ్రెజే పళ్ళకి పదకొండు రెట్లు.

ఆ అంకె చూసి నేను ఏడుస్తుంటే రోగాల గది మనిషి నీళ్ళు తెచ్చాడు. మీ బడి జబ్బు సెలవుల పట్టీ పదేళ్ళుగా ఆయన బీరువాలో ఉంది. జీతాల గది ఆవిడ దగ్గర కొలిమి ఏ నెల ఎంత కరిగించిందో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. కొలిమి మండిన నెలల్లో పిల్లలు బడికి రాలేదు. అందరి దగ్గరా తలా ఒక ముక్క ఉందిరా. ఇన్నేళ్ళూ కలిసి కాఫీ తాగాం.

నా పరిశోధన తప్పని ఇవాళ సంతకం పెట్టి ఇచ్చేశాను. నువ్వడిగిన ఒక్క వాక్యమే. ఉద్యోగం ఉంటుందనుకోను.

కానీ అది చాలదు. సోమవారం పది గంటలకి ప్రభుత్వ కమిషన్ వాళ్ళు మీ పఠనమందిరంలోనే కూర్చుని రెండో కొలిమికి అనుమతి సంతకాలు పెడతారు. ఒక పన్ను చూపిస్తే మేనత్తా మేనల్లుడూ ఆడిన నాటకం అంటారు. ముప్ఫై ఒక్క ఇళ్ళ పళ్ళు, ఆ ఇంటివాళ్ళే కప్పు మీద నుంచి తీసినవి, సాక్షుల ముందు, పెట్టె మీద పేరు రాసి బల్ల మీద పెడితే, కొలిచేదాకా వాయిదా వెయ్యక తప్పదు. సోమవారమే కప్పులు ఊడబీకుతారు. అంటే మనకి ఉన్నది ఆదివారం ఒక్కటే.

అమ్మకి ఈ మాట చదివి వినిపించు: అమ్మా, నువ్వు తెచ్చిన పళ్ళే లేకపోతే ఇవాళ దేనితో పోల్చి పదకొండు రెట్లు అనేదాన్ని? శుభ్రమైన ఊరి పిల్లలవి ఏరి ఏరి తెచ్చావు. నాకు మొదటి సగం నువ్వు చేసిపెట్టావు. రెండో సగం మిగిలింది. అన్నం తిను.

స్తమెనా


రుదారెవో,
26 ఏప్రిల్ 1990

అత్తయ్యా,

బస్సు డ్రైవరు నీ ఉత్తరం తెచ్చిన రోజే బిల్యానా బడిలో పడిపోయింది. లెక్క చెబుతూ, ఇరవై ఆరు దగ్గర. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయట. ఇప్పుడు మాట్లాడుతోంది కానీ నన్ను నాన్నా అని పిలుస్తోంది. నువ్వన్న మంచానికి ఆ రోజే పంపి ఉంటే! అది నేను మోస్తాను, నువ్వేం అనకు. సోమవారం సాయంత్రం అమ్మ తీసుకొస్తోంది. మంచం ఉంచు.

వీధిలో ఒక్కళ్ళు కూడా ఒప్పుకోలేదు. ముప్ఫై ఇళ్ళూ తిరిగాను. ఫ్యాక్టరీ భయం కాదు, విను, అదైతే వాదించేవాణ్ణి. "కాకికిచ్చింది వెనక్కి తీసుకుంటే పిల్ల బతకదు" అంటారు! కరపత్రాల్లో దీనికి జవాబు ఎక్కడా లేదు. త్రెందాఫిలా పిన్ని నిచ్చెన తీసి లోపల పెట్టి తాళం వేసింది. "మీ నాయనమ్మ కాదురా మాకు ఇదంతా నేర్పింది? ఆవిడ్నే వచ్చి చెప్పమను."

ఇంటికొచ్చి నీ మాట చదివి వినిపించాను. గోడవైపే ఉంది. ఇంకోసారి చదవమంది. చదివాను. లేచి కూర్చుని, "ఆ పెరుగు ఇటివ్వు" అంది. తిని, నల్లగుడ్డ తలకి చుట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. పది రోజుల తర్వాత మొదటిసారి గడప దాటింది.

త్రెందాఫిలా పిన్ని గుమ్మం దగ్గర ఆగి, "ఒసేయ్, కాకి పేరు చెప్పి అబద్ధమాడింది నేను. ముప్ఫై ఒక్క ఇళ్ళ తరఫునా నేనొక్కదాన్నే చెప్పాను. ఇనప్పన్ను ఇస్తుందని నమ్మించాను, సీసప్పన్ను వచ్చింది. దోషం ఏదైనా ఉంటే ప్రతి నిచ్చెన కిందా నేను కూర్చుంటాను, నా మీద పడనీ. ఎనభై ఏళ్ళ దాన్ని, ఇంకేం చేస్తుంది కాకి? నువ్వు మాత్రం నీ పిల్లాడి పన్ను దింపు" అంది.

పిన్ని లోపలికి వెళ్ళి తాళం తీసింది. తర్వాత, "నువ్వు పాత బండరాయివే త్సోనా" అని తిట్టి, నిచ్చెన బయటికి తెచ్చింది.

ఇవాళ్టికి పదిహేను ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. నడవలేకపోతే నేను ఎత్తుకుని తిప్పుతున్నాను. మిగతా పదహారూ రేపూ ఎల్లుండీ. చాలతాయో లేదో తెలీదు. ఎన్నైతే అన్ని.

బిల్యానా పన్ను నిరుడు పడిందే. వానగొట్టం పక్కన మూడో పలక కింద ఉందని చెప్పింది. ఆ ఒక్కటీ దానికి బాగా గుర్తుంది. అది నేను తీయను. నువ్వే ఎక్కి తియ్యాలి.

ఇదీ ఆ డ్రైవరు చేతికే ఇస్తున్నాను, శనివారం రాత్రి బండికి బయల్దేరు. నాలుగో గది మనుషుల్నే కాదు, నాలుగు గదుల వాళ్ళనీ తీసుకురా, సాక్షులు కావాలి. కరపత్రం ఇవాళే వేశాం, ఒక కాపీ పెడుతున్నాను. ఈసారి ప్రతి మాటా నాయనమ్మకి చదివి వినిపించి అచ్చుకిచ్చాను:

కింది వీధి వాసులారా! మన పిల్లల సాక్ష్యం మన కప్పుల మీదే ఉంది. సోమవారం దాన్ని బండ్లలో పోసి తీసుకుపోతారు. నిచ్చెన ఉన్నవాళ్ళు నిచ్చెన, లేనివాళ్ళు చేతులు, ప్రతి ఇంటివాళ్ళూ ఒక ఖాళీ అగ్గిపెట్టె తెచ్చుకోండి. త్సోనా వెల్కోవా ఇంటి ముందు, ఏప్రిల్ 29 ఆదివారం, పొద్దున ఆరు గంటలకి, ఫ్యాక్టరీ మొదటి కూత వినబడగానే అందరూ రండి.